మిషన్ ఆగిన చోట

చదివిన పుస్తకానికి అంచు నల్లబడుతుంది. మూసి, పక్కకు తిప్పి చూస్తే కనబడుతుంది. వేళ్ళు తగిలిన మేర మసక, తగలని మేర తెలుపు. గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే బల్ల వెనక కూర్చునే మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. తిరిగొచ్చినవాటిని అరల్లో సర్దుతూ సర్దుతూ తనే కనిపెట్టాడు. నవలలకు మసక చివరిదాకా ఉండేది. వంటల పుస్తకాలకు అక్కడక్కడ చారల్లాగా ఉండేది. లావుపాటి చరిత్ర పుస్తకాలకు మాత్రం మొదట్లో గోరంత నలుపు, ఆ పైన అంతా తెలుపే, అచ్చాఫీసు నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే.

తీసుకెళ్ళేవాళ్ళు తీసుకెళ్తూనే ఉన్నారు. మందుల షాపతను తీసుకెళ్ళాడు. రిటైరైన బస్సు డ్రైవరు తీసుకెళ్ళాడు. వారం తిరక్కుండానే తెచ్చి బల్లమీద పెట్టాడు.

"చదివారా?" అని అడిగితే డ్రైవరు నవ్వాడు.

"ఎక్కాను సార్. మొదటి స్టాపులోనే దిగిపోయాను."

బల్ల వెనక మనిషి రాయడం అలా మొదలైంది. పెద్ద ఉద్దేశాలేం లేవు. అంచు చివరిదాకా నల్లబడే చరిత్ర పుస్తకం ఒకటి ఉండాలనుకున్నాడు, అంతే. రాజుల జోలికి పోలేదు. వాళ్ళ సంగతి వాళ్ళే రాయించుకున్నారనేవాడు. దారులు ఎలా పడ్డాయో రాశాడు. తర్వాత ఉప్పు గురించి. తర్వాత కరువుల గురించి, తూకాల గురించి. గ్రంథాలయంలో ఎవరూ ముట్టని గ్రంథాలన్నీ తను ముట్టుకుని, వాటిలో ఉన్నదాన్ని మామూలు మాటల్లోకి దించాడు. ఏళ్ళు గడిచాక వీధిలో అందరూ ఆయన్ని చరిత్రగారు అనడం మొదలెట్టారు. అంతకుముందు ఆయన మిషనమ్మగారి భర్త.

మిషనమ్మ ఆయన భార్య. ఇల్లు చిన్నది. ముందుగది, వంటగది, మధ్యలో తలుపు లేని గుమ్మం. ముందుగదిలో కిటికీ వెలుతురు పడే చోట కుట్టుమిషన్ ఉండేది, కాళ్ళతో తొక్కేది. వీధిలోని పిల్లల యూనిఫారాలు, గౌన్లు, దిండు గలీబులు, అందరివీ ఆవిడ చేతిమీదుగా వెళ్ళేవి. పొద్దున వంట అయ్యాక కూర్చుంటే వెలుతురు పోయేదాకా మిషన్ ఆడుతూనే ఉండేది. ఆ చప్పుడు ఆ ఇంటికి గోడలాంటిది. దాన్ని ఎవరూ వినరు. అది లేకపోతే ఇల్లు నిలబడదు.

దారుల పుస్తకం మొదటి అధ్యాయం రాసిన సాయంత్రం ఆయన కాగితాలు పట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు.

"కాస్త మిషన్ ఆపుతావా? చదువుతాను."

"ఆపితే రేపు పిల్లలు చేతుల్లేని చొక్కాలేసుకుని బడికి పోతారు," అంది ఆవిడ. "చేతులూ కాళ్ళే మిషన్‌వి. చెవులు ఖాళీగానే ఉన్నాయి. చదవండి."

చదివాడు. మిషన్ ముందు ఆయన గొంతు ఎంత. పొడుగు వాక్యాలన్నీ చప్పుడులో మునిగిపోయాయి. ఒక కుట్టు చివరికొచ్చి ఆవిడ గుడ్డ తిప్పుకునేటప్పుడు మాత్రం క్షణం సేపు నిశ్శబ్దం. ఆ సందులో పట్టిన మాటే ఆవిడకు చేరేది. మర్నాడు ఆయన వాక్యాలన్నీ కత్తిరించుకొచ్చాడు. గుడ్డ తిప్పేలోపు అయిపోవాలి. అదే కొలత.

కథ చెప్పేవాడికి ఊ కొట్టే మనిషి కావాలి. ఆవిడ ఊ కొట్టేది కాదు. పెదాల మధ్య గుండుసూదులు ఉండేవి. బాగుందనీ అనేది కాదు, బాగాలేదనీ అనేది కాదు. రెండో సాయంత్రం ఆయన చదువుతుండగా మిషన్ పూర్తిగా ఆగింది. గుడ్డ తిప్పడానికి కాదు. ఆవిడ చక్రం మీంచి చెయ్యి తీసేసి, తల వంచుకుని ఉండిపోయింది. ఆయన కాగితం మీంచి కళ్ళెత్తి చూశాడు. ఆవిడ మొహం కనబడలేదు. దారి పక్కన సత్రాలు ఎలా మొదలయ్యాయో చెబుతున్నాడు అప్పుడు. ఆయన ఇంకేం చదవలేదు. పెన్సిల్‌తో అక్కడ చిన్న గీత పెట్టి, టీ పెడదామని వంటగదిలోకి వెళ్ళాడు. నీళ్ళు మరిగేలోపు ముందుగదిలో చక్రం ఒంటరిగా గిర్రున తిరిగే చప్పుడు వినిపించింది. మనసు కుదుటపడి మళ్ళీ మొదలెట్టింది కాబోలనుకున్నాడు. టీ తెచ్చేసరికి ఆవిడ ఎప్పటిలాగే కుడుతోంది.

గీత తర్వాత రాసిందంతా తీసేశాడు. అధ్యాయం అక్కడే ముగిసింది.

అప్పట్నుంచి అదే పద్ధతి. మిషన్ ఎక్కడ ఆగితే అక్కడ గీత. గీత దగ్గర అధ్యాయం అయిపోయేది. ఎందుకు ఆపావని ఆవిడని ఎప్పుడూ అడగలేదు. అడిగితే అది చెదిరిపోతుందని ఆయన భయం. ఎందుకు చదవడం ఆపారని ఆవిడా అడగలేదు. మగమనిషి టీ పెడతానంటే ఎందుకని అడిగే ఆడది ఆ వీధిలో ఎవరూ లేరు.

పుస్తకాలు నిలిచాయి. గ్రంథాలయంలో తన పుస్తకం తిరిగొచ్చినప్పుడల్లా ఆయన మొదట అంచు చూసేవాడు. మసక చివరిదాకా ఉండేది. ఒకసారి ఒక సభలో కాలేజీ చరిత్ర పంతులు ఆయన గురించి మాట్లాడుతూ, ఈయనకు ఎక్కడ ఆపాలో తెలుసు అన్నాడు. అది ఎవరికీ రాని విద్య అన్నాడు. ఇంటికొచ్చాక ఆవిడ అడిగింది.

"ఏమన్నారు?"

"ఎక్కడ ఆపాలో తెలుసన్నారు."

"ఇంట్లో వాదించేటప్పుడు కూడా తెలిస్తే బాగుండు," అంది ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఉద్యోగం అయిపోయాక కూడా రాస్తూనే ఉన్నాడు. చివర మొదలెట్టింది రేవుల గురించి. వంతెనలు లేని రోజుల్లో మనుషులు నది ఎలా దాటేవాళ్ళు, పడవ ఎవరిది, ఎవర్ని ముందు ఎక్కించేవాళ్ళు, ఎవర్ని ఒడ్డునే వదిలేసేవాళ్ళు. అన్ని పుస్తకాల్లోకీ ఇదే నిదానంగా నడిచింది. ఆఖరి అధ్యాయానికి ముందుది చదివిన రోజు ఆవిడ పళ్ళ డాక్టరు గదికి కర్టెన్ కుడుతోంది. నీలం రంగు గుడ్డ. ఆయన చదువుతున్నది వరద రోజు సంగతి. పడవ నిండిపోయాక పడవవాడు తాడు విప్పి, ఒడ్డున మిగిలినవాళ్ళ వైపు చూడకుండా వీపు తిప్పుకుంటాడు. అక్కడ మిషన్ ఆగింది. ఆవిడ తల వంచుకుంది. ఎప్పటికంటే ఎక్కువసేపు వంచుకునే ఉంది.

ఆయన గీత పెట్టాడు. ఇన్ని పుస్తకాల్లో ఇంత బాగా ఎక్కడా ఆగలేదనుకున్నాడు.

"కాస్త నడుం వాలుస్తాను," అంది ఆవిడ.

"వాల్చు. టీ తెస్తాను."

టీ పెడుతూ ఆయన ఈల వేశాడు. అది ఆయనకు బాగా గుర్తు. మర్నాడు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. గుండెలో ఏదో చాలాకాలంగా సరిగా లేదన్నారు. కొన్నాళ్ళు అక్కడే ఉంది. తర్వాత లేదు.

*

ఆ తర్వాత ఆయనకు ఏమీ అనిపించలేదు. అందరూ వచ్చారు, చెప్పాల్సినవి చెప్పారు. ఆయన తలూపాడు. గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినిపించేది. అన్నం పెడితే తిన్నాడు. రుచి అడిగితే చెప్పలేకపోయేవాడు. చెప్పులు విప్పిన చోట మర్చిపోయి వట్టికాళ్ళతో కూరగాయల కొట్టుదాకా వెళ్ళాడు ఒకసారి. కొట్టతను చూసి తన చెప్పులిచ్చాడు. అవి రెండ్రోజులు వేసుకుని తిరిగాడు.

ఆఖరి అధ్యాయం ఆ రోజుల్లోనే రాశాడు. కష్టపడలేదు. కూర్చుంటే చెయ్యి దానంతటది నడిచింది. వంతెన కట్టాక రేవు ఏమైందనేది అందులో సంగతి. కాగితాలు నిండాయి. తీసుకెళ్ళి ప్రచురణాలయంలో ఇచ్చాడు.

అక్కడ ఆయన పుస్తకాలు చూసే సంపాదకురాలు చిన్న పిల్ల. బడిలో ఉండగా ఉప్పు పుస్తకం చదివి ఈ పనిలోకి వచ్చానని మొదటిరోజే చెప్పింది. ఇప్పుడు ఆయన్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కాగితాలు అటూ ఇటూ సర్దింది.

"ఒక మాట చెప్తే ఏమీ అనుకోరు కదా సార్?"

"చెప్పమ్మా."

"ఈ వాక్యం చివరికొచ్చేసరికి మొదట్లో ఎవరున్నారో మర్చిపోయాను. మీ పుస్తకాల్లో నాకెప్పుడూ అలా అవలేదు."

ఆయన చూశాడు. వాక్యం పేజీ సగందాకా ఉంది. తను రాసిందే.

"ఇంకోటి సార్. ఇది ఎక్కడ అయిపోయిందో తెలియట్లేదు. ఇక్కడ అయిపోయిందనుకున్నాను. మళ్ళీ మొదలైంది. ఇక్కడ అయిపోయిందనుకున్నాను. మళ్ళీ కాలం గురించి, మనిషి గురించి, ఇంకా..." ఆ పిల్ల ఆగింది. "మిగతా పుస్తకమంతా చాలా బాగుంది సార్. ఆ వరద అధ్యాయం దగ్గర నేను చదవడం ఆపి లేచి అటూ ఇటూ తిరిగాను. ఇదొక్కటే."

"కొట్టేయండి."

"ఎక్కడ్నుంచి సార్?"

ఆయన ఆలోచించాడు. లోపల ఎక్కడా ఏమీ కదల్లేదు. ఏ వాక్యం చూసినా ఒకటే. అన్నీ ఉండొచ్చు, అన్నీ పోవచ్చు.

"తెలీదు," అన్నాడు. "పుస్తకం వద్దులెండి. ఆపేద్దాం."

"అలా అనకండి సార్. నెలాఖరుదాకా చూస్తాను. ముగింపు తెచ్చివ్వండి, చాలు. లేకపోతే అచ్చుకి పంపలేను."

ఇంటికి నడిచి వస్తూ ఆయన ఒక్కటే అనుకున్నాడు. ఆ పుస్తకం రాకపోతే, ఆవిడ ఆఖరిసారి విన్న మాటలన్నీ సొరుగులో పడుంటాయి. అది ఆయనకు బాధగా తట్టలేదు. వాన పడుతోంది, గొడుగు లేదు అన్నట్టు తట్టింది. కానీ తట్టింది.

సాయంత్రాలు కూతురు ఆఫీసు నుంచి ఇటే వచ్చి, ఆయన తిన్నాక తన ఇంటికి వెళ్ళేది. ఆ రోజు ఆయన ఆమెను కూర్చోబెట్టి ఆఖరి అధ్యాయం చదివాడు. ఆ పిల్ల ఫోను బోర్లించి పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. ప్రతి వాక్యానికీ ఊ కొట్టింది. వాక్యం మధ్యలో కూడా కొట్టింది.

"ఎలా ఉంది?"

"బాగుంది నాన్నా."

"ఎక్కడ బాగుంది?"

"అంతా."

"చిన్నప్పుడు కషాయం తాగి కూడా బాగుందనే అనేదానివి. మీ అమ్మ కనిపెట్టేది, నువ్వు కిటికీలోంచి పారబోశావని."

ఆ పిల్ల నవ్వబోయి ఏడ్చింది. ఆయన ఆమె తల నిమిరాడు. నిమరాలని తెలుసు కనుక నిమిరాడు. చెయ్యి తనది కానట్టుంది. కళ్ళు తుడుచుకున్నాక ఆమె కిటికీ వైపు చూసింది. మిషన్ మీద నీలం కర్టెన్ అలాగే ఉంది, సగం కుట్టి, సూది కింద.

"పిన్ని మిషన్ అడిగింది నాన్నా. ఊరికే తుప్పు పడుతుందట. ఇచ్చేద్దామా?"

"ఇచ్చెయ్," అన్నాడు.

*

ఆదివారం మధ్యాహ్నం మరదలు వచ్చింది. భార్యకు చెల్లెలు. వాళ్ళింట్లో అందరూ బుజ్జి అనేవాళ్ళు. జుట్టు నెరిసినా ఇంకా బుజ్జే. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే చోట కుట్టు నేర్చుకున్నారు. అక్క నోరు మెదపకుండా కుట్టేది, ఈమె నోరు మూయకుండా కుట్టేది. తేడా అంతే.

"ఏం బావా, గడ్డం పెంచి ఋషివైపోదామనా?" అంటూ లోపలికొచ్చింది. "తపస్సు చేసుకోవాలంటే ముందు గది ఊడ్చుకోవాలి. చూడు ఎలా ఉందో."

"కూర్చో బుజ్జీ."

"కూర్చోడానికే వచ్చాను. బండివాడు సాయంత్రం వస్తానన్నాడు. ఈలోపు నూనె వేసి చూస్తాను, నడుస్తోందో లేదో. నడవకపోతే నువ్వే ఉంచుకో, దానిమీద పుస్తకాలు పెట్టుకో. నీ పుస్తకాలు దేనికైనా పనికొచ్చినట్టుంటుంది."

"నువ్వు ఒక్కటీ చదవలేదుగా."

"చదవలేదని ఎవరన్నారు? దిండు చాలక రెండు పెట్టుకున్నాను. ఎత్తు సరిపోలేదు. ఈసారి లావుగా రాయి."

సంచీలోంచి నూనె డబ్బా తీసింది. అక్కడో చుక్క ఇక్కడో చుక్క వేసి, చక్రం చేత్తో తిప్పి, కాళ్ళు పెడల్ మీద పెట్టి తొక్కింది. మిషన్ కదిలింది. చప్పుడు గదిలో పడింది.

ఆయన మంచం మీంచి లేచాడు. ఎందుకు లేచాడో తెలీదు. మళ్ళీ కూర్చున్నాడు. తర్వాత బల్ల దగ్గరికెళ్ళి సొరుగులోంచి కాగితాలు తీశాడు.

"బుజ్జీ, ఒక పని చేసిపెట్టు. కాసేపు ఆ కర్టెన్ కుడుతూ ఉండు. నేనిది చదువుతాను."

"నాకా?" మరదలు ఆయన మొహం చూసింది. ఎగతాళి చెయ్యబోయి మానుకుంది. "నిద్రొస్తే?"

"కుట్టేటప్పుడు ఎలా వస్తుంది?"

"నీ సంగతి నీకు తెలీదు బావా. సరే, కానీ. పళ్ళ డాక్టరు ఎలాగూ అడుగుతున్నాడట, మీ అమ్మాయి చెప్పింది. రోగులందరూ వీధిలోకి నోరు తెరిచి కూర్చుంటున్నారట."

మిషన్ పక్కనున్న చిన్న రేకు జరిపి, కింద వేళ్ళు పెట్టి బాబిన్ బయటికి తీసింది. కుట్టుకు పైనుంచి ఒక దారం, కిందినుంచి ఒక దారం కావాలి. కింది దారం చుట్టుకునే చిన్న ఇనప చక్రం అది. అరచేతిలో పెట్టుకుని చూసింది.

"అక్క చుట్టింది ఇంకా సగం ఉంది," అంది. గొంతు కాస్త తగ్గింది. "సరిపోతుందిలే."

"నువ్వు ఎక్కడ ఆపితే నేనక్కడ ఆపుతాను," అన్నాడు ఆయన. "మీ అక్కా నేనూ అలాగే చేసేవాళ్ళం. తను ఆపిన చోటే అధ్యాయం ముగించేవాణ్ణి. అన్ని పుస్తకాలూ అంతే."

"అక్క ఎక్కడ ఆపేది?"

"మనసుకు తగిలిన చోట. చక్రం వదిలేసి తల వంచుకునేది. మాట్లాడేది కాదు."

మరదలు ఆయన్ని చూసింది. తర్వాత చేతిలో ఉన్నదాన్ని చూసింది. నవ్వు వచ్చింది, ఆపుకోలేని నవ్వు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఓరి నా బావా. తల వంచుకునేది ఇది తియ్యడానికి. కింద దారం అయిపోతే ఆపక ఏం చేస్తాం? పైన చూస్తే సూది పడుతూనే ఉంటుంది, కుట్టు పడుతున్నట్టే ఉంటుంది. గుడ్డ ఎత్తితే ఏమీ ఉండదు, విడిపోతుంది. మళ్ళీ దారం చుట్టుకుని ఎక్కించుకోవాలి. చుట్టేటప్పుడు చక్రం గిర్రున తిరగదూ? ఎప్పుడూ వినలేదా?"

"విన్నాను," అన్నాడు. "టీ పెట్టేవాణ్ణి అప్పుడు."

"అక్క నాతో అనేది. మీ బావ ఎంత మంచివాడే, సరిగ్గా నాకు దారం అయిపోయేవేళకి టీ పెడతాడు, ఎలా తెలుస్తుందో అని."

ఆయన కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది. బడులు తెరిచే రోజుల్లో ఆవిడ దళసరి గుడ్డ కుట్టేది. దళసరి గుడ్డ దారం ఎక్కువ తాగుతుంది. ఆ ఎండాకాలం రాసిన కరువు పుస్తకంలో అధ్యాయాలన్నీ పొట్టివి. గుండె పట్టుకుని రాసినట్టుందని పత్రికలో రాశారు. తూకాల పుస్తకం రాసిన ఏడాది పెళ్ళి గౌన్లు కుట్టింది, పల్చటి గుడ్డ. అవి పొడుగు అధ్యాయాలు. రచయితలో నిండుతనం వచ్చిందన్నారు. నవ్వు రావాలి. కోపమైనా రావాలి. రెండూ దూరంగా నిలబడి ఆయన్ని చూశాయి.

మరదలు నవ్వడం ఆపి కళ్ళు తుడుచుకుంది. "పోనీలే బావా. పుస్తకాలు బాగానే అమ్ముడుపోయాయిగా."

ఆయన ఆమె అరచేతి వంక చూస్తున్నాడు. నీలం దారం, సగందాకా.

"అది సగం ఉంది," అన్నాడు.

"ఊ. ఉంది."

"అయితే ఆ రోజు దారం అయిపోలేదు."

"ఏ రోజు?"

"ఆఖరిసారి చదివిన రోజు. ఈ కర్టెన్ కుడుతోంది. మిషన్ ఆపి తల వంచుకుంది. నేను గీత పెట్టాను. మర్నాడు ఆస్పత్రికి తీసుకెళ్ళాం."

మరదలు బాబిన్‌ను పిడికిట్లో మూసుకుంది. కిటికీ అవతల ఎవరో సైకిలు స్టాండు వేస్తున్నారు. ఆయన తనలోంచి ఏదైనా లేస్తుందేమోనని చూశాడు. ఎదురుచూసినట్టే చూశాడు. ఏమీ లేవలేదు. ఈల వేసుకుంటూ టీ పెట్టిన మనిషి మాత్రం కనబడ్డాడు. వీపు కనబడింది.

"కుట్టు బుజ్జీ," అన్నాడు.

"ఇప్పుడా?"

"ఆ దారంతోనే."

ఆమె బాబిన్ కింద పెట్టి రేకు మూసింది. అక్క వదిలిన చోట సూది దింపింది. తొక్కింది.

ఆయన చదివాడు. మొదటి వాక్యమే మునిగిపోయింది. రెండోదీ మునిగింది. గుడ్డ తిప్పేటప్పుడు సందు దొరికింది కానీ ఆయన వాక్యం అందులో పట్టలేదు. తల ఇవతల, తోక అవతల. పెన్సిల్ తీసి, చదువుతూనే కొట్టేసుకుంటూ పోయాడు. కాలం గురించి ఉన్నది పోయింది. మనిషి గురించి ఉన్నది పోయింది. వంతెన మిగిలింది. వంతెన మీద మొదటిరోజు నడిచినవాళ్ళు కిందికి చూసి పడవవాణ్ణి పేరు పెట్టి పిలిచారు. అతను చెయ్యెత్తాడు. మర్నాడు కూడా పిలిచారు. తర్వాత పిలవడం మానేశారు. పడవ ఒడ్డుకి లాగి బోర్లించాడు. పలకలు ఎవరికో గుమ్మానికి పనికొచ్చాయి. తాడు ఎవరో బావికి కట్టుకున్నారు.

మరదలు మాట్లాడలేదు. ఊ కూడా అనలేదు. నీలం గుడ్డ సూది కిందినుంచి అవతలికి జారుతోంది.

"రేవుకు తలుపు ఉండదు. అందుకని ఎవరూ తాళం వెయ్యలేదు," అని చదివాడు.

మిషన్ ఆగింది. మరదలు చక్రం వదిలి తల వంచింది. గుడ్డ ఎత్తి చూసింది. చివర జానెడు మేర సూది బెజ్జాలే ఉన్నాయి, కుట్టు లేదు.

"అయిపోయింది," అంది.

ఆయన కాగితం చూశాడు. గొప్ప వాక్యమేం కాదు. ఇంకో చోట అయితే దాటిపోయేవాడు. దాని కింద గీత పెట్టాడు. చేతిలో ఇంకా కాగితాలున్నాయి. వాటిని బల్లమీద బోర్లించాడు.

"తర్వాత?" అంది మరదలు.

"తర్వాత ఏం లేదు."

"లేకపోవడమేంటి? అన్ని కాగితాలుంటే. ఆ పడవవాడు ఏమయ్యాడు?"

"తెలీదు."

"రాశావుగా."

"రాశాను. తెలిసి రాయలేదు."

మరదలు ఆయన్నోసారి చూసి, పెట్టెలోంచి నీలం దారపు రీలు వెతికింది. "నీతో పడిన మనిషి మా అక్క," అంది, చిన్నగా. ఆయన వంటగదిలోకి వెళ్ళాడు. గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి వెలిగించాడు. ముందుగదిలో చక్రం గిర్రున తిరిగింది. అది ఏమిటో ఈసారి తెలుసు. నీళ్ళు మరిగేదాకా నిలబడి విన్నాడు.

టీ తాగాక ఆమె కర్టెన్ పూర్తిచేసి మడత పెట్టింది. సాయంత్రం బండివాడు వచ్చాడు. మిషన్‌ని అతనూ ఆయనా పట్టుకుని గుమ్మం దాటించారు. "వీధిలో జాగ్రత్త బాబూ, అది మా అక్క," అంది మరదలు బండివాడితో. అతను ఏమీ అర్థంకాక తలూపాడు.

ఆయన కర్టెన్ తీసుకుని పళ్ళ డాక్టరు గదికి వెళ్ళాడు. దారిలో మడత విప్పి, అంచు తిరగేసి బొటనవేలితో తడిమాడు. పైనుంచి ఏమీ తెలియడం లేదు. లోపలివైపు ఒకచోట చిన్న ముడి తగిలింది. రెండు దారాలు కలిసిన చోటు అది. అక్క చెల్లెలికి అప్పగించిన చోటు. వేలు అక్కడే ఉంచి కాసేపు రోడ్డు పక్కన నిలబడ్డాడు. తర్వాత కర్టెన్ ఇచ్చేసి వచ్చాడు.

సోమవారం కాగితాలు పంపించాడు. సంపాదకురాలు ఫోను చేసింది.

"చివరి పేజీలు రాలేదు సార్. తాళం వెయ్యలేదు అన్నచోటితో ఆగిపోయింది."

"అంతే ఉందమ్మా."

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది. ఆ పిల్ల ఇంకోసారి చదువుకుంటోంది.

"అచ్చుకి పంపిస్తాను సార్," అంది చివరికి. "ఎక్కడ ఆపాలో మీకు తెలుసు."

"మా మరదలికి దారం అయిపోయింది," అన్నాడు ఆయన.

అదేదో సరదా మాట అనుకుని ఆ పిల్ల మర్యాదగా నవ్వింది. ఆయన ఆమె నవ్వు అయ్యేదాకా ఆగి, ఫోను పెట్టేశాడు. కిటికీ కింద నేలమీద మిషన్ కాళ్ళు ఆనిన నాలుగు చోట్లా గచ్చు కొత్తగా, తెల్లగా ఉంది. మిగతా గదంతా నడిచి నడిచి మసకబారింది.